వెనుక సీటు చెప్పు తీర్పు

మన పత్రికలందు కార్లను గూర్చి వెలువడు సమీక్షలు చాలవరకు స్టీరింగు ముందు కూర్చుండిన వాని వ్రాతలే. ఆక్సిలరేటరు త్రొక్కినంతనే బండి ఎంతటి ఊపుతో ముందునకు దూకినది, సున్న నుండి నూరు కిలోమీటర్ల వేగమునకు ఎన్ని సెకండ్లలో చేరినది, మలుపులలో స్టీరింగు చెప్పినట్లు వినినదా లేదా అనునవే వారి పరీక్షలు. ఏకాకిగా బండి నడుపుకొని ఆనందించు యువకునకు ఈ పరీక్షలు చాలును. కాని తెలుగునాట పదునైదు, ఇరువది లక్షల రూపాయలు పోసి సెడాన్ కొను గృహస్థు ఒంటరిగా తిరుగుటకై దానిని కొనుట లేదు. ప్రక్కన భార్య, వెనుక తల్లియు తండ్రియు, వారి నడుమ ఇరుకుకొని ఒక బిడ్డ, డిక్కీ నిండ ఐదుగురి సామాను. ఇంత పరివారము చేరిననే అది కుటుంబపు కారు అగును. ఐదుగురిలో నలుగురు స్టీరింగు ముట్టనివారును, అందు ముగ్గురు వెనుకనే కూర్చుండువారును అయినపుడు, తీర్పు చెప్పు అధికారము ఆ వెనుక సీటునకు ఏల ఉండరాదు? హోండా సిటీని ఈ దృష్టితోనే పరిశీలింపదలచితిని.

ఆ కారునే ఎన్నుకొనుటకు కారణము కలదు. 1998లో మన దేశమున అమ్మకమునకు వచ్చినది మొదలు ఐదు తరములుగా రూపు మార్చుకొనుచు, పేరు మాత్రము మార్చుకొనక, అంతకాలము నిలిచిన నడిమితరగతి సెడాన్ మరియొకటి లేదు. టొయోటా యారిస్ 2021లో తప్పుకొన్నది. మారుతి సియాజ్ 2025లో ఆగిపోయినది. నేడు సిటీకి సరిజోడుగా మిగిలినవి హ్యుందయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ మాత్రమే. అంతకు ముందటి తరమువారికి కుటుంబపు కారనగా అంబాసిడరే. 1950ల చివరనుండి 2014 వరకు తయారైన ఆ బండికి పికప్ లేదు, మైలేజీ లేదు, వేసవిలో ఇంజిను కాగి దారిప్రక్క ఆగకుండునను నమ్మకమును లేదు. కాని వెనుక సీటు కలదు. ముగ్గురు పెద్దలు పంచెలు నలుగకుండ అందు కూర్చుండెడివారు. బండి కప్పు ఎత్తు, సీటును ఎత్తు కావున ఎనుబదేండ్ల వృద్ధుడు సైతము నడుము పెద్దగ వంచక ఎక్కి, వంచక దిగెడివాడు. నేటి సెడాన్‌కు సంక్రమించిన పరీక్షాపత్రము ఆ అంబాసిడరు వ్రాసి పోయినదే.

సిటీ వెనుక తలుపు తెరచి లోపల కూర్చుండినవానికి దాని ప్రధానగుణము వెంటనే తెలియును. ముందు చక్రమునకు వెనుక చక్రమునకు నడిమి దూరము 2600 మిల్లీమీటర్లు. వెర్నాకు 2670, స్లావియాకు 2651. అంకెలను మాత్రమే చూచువాడు సిటీ ఓడినదని వ్రాసికొనును. కాని పొడుగరియైన మనిషి తన కనువుగ ముందు సీటును జరుపుకొన్న తరువాత, అంత పొడుగరియే అతని వెనుక కూర్చుండినను మోకాలికిని ముందు సీటు వీపునకును నడుమ పిడికిలి పట్టునంతటి చోటు మిగులును. తొడలకు క్రింద ఆధారము చాలినంత ఉండును. వీపు మరీ నిటారుగ గాక, కునుకు తీయుటకు తగినంతగ వాలియుండును. వేకువనే హైదరాబాదు విడిచి విజయవాడ దారిన పోవుచు, సూర్యాపేటలో టిఫినుకు ఆగువరకు వెనుకనున్న పెద్దలు ఒక్కమారైనను "ఇంకెంత దూరము?" అని అడుగకపోయినచో ఆ ఖ్యాతి ఇంజినునకు గాక ఈ సీటునకే చెందవలెను.

ఐతే ఇది నిజముగ ఇద్దరి సీటు. నడుమ కూర్చుండు మూడవవాని పాదముల నడుమకు కారు నేలలోని గట్టు వచ్చును. మోకాళ్లకు ముందు సీట్ల నడుమనుండి పొడుచుకొని వచ్చిన ఏసీ గాలి రంధ్రముల పెట్టె అడ్డుపడును. వీపునకు మెత్తదనము చాలక గట్టిదనము తగులును. పదేండ్ల బాలుడైనచో నవ్వుచు కూర్చుండును. పెండ్లికి పోవు మేనమామను అక్కడ కూర్చుండబెట్టినచో గుంటూరు చేరులోపలనే ముఖము మాడ్చుకొనును. కంపెనీలు ఐదుగురి కారని ప్రకటించుకొనునవి చాలవరకు నలుగురు పెద్దలకును, ఒక పిల్లవానికిని చేసిన కార్లే.

ఇక అసలు చిక్కు ఎత్తునకు సంబంధించినది. సిటీ ఎత్తు 1489 మిల్లీమీటర్లు. నేడు వీథి వీథిని కానవచ్చు క్రెటా యను ఎస్‌యూవీ ఎత్తు 1635. ఆరంగుళములకు దగ్గరగ నున్న ఈ వ్యత్యాసమే సెడాన్ గుణములన్నింటికిని, దోషములన్నింటికిని మూలమని నా అభిప్రాయము. మోకాళ్ల నొప్పులున్న ఇల్లాలు సెడాన్ వెనుక సీటునందు ఎక్కు తీరు గమనింపుడు. ముందు వీపు త్రిప్పి, ఒక చేతితో తలుపు పైఅంచును, మరియొక చేతితో ముందు సీటును పట్టుకొని, తల కప్పునకు తగులకుండ మెడ వంచి, చివరి జానెడు దూరము మాత్రము అదుపు తప్పి చతికిలబడును. ఆ పిదప చీర కుచ్చిళ్లు సర్దుకొనుచు కాళ్లు ఒక్కొక్కటే లోనికి లాగుకొనును. దిగుట ఇంకను కష్టము. మోకాలు తుంటికంటె పైకి లేచియుండుటచే శరీరభారమంతయు ఆ నొప్పిమోకాలి మీదనే మోపి లేవవలసియుండును. మోకాలి మార్పిడి చేయించుకొన్నవారికైనచో మనుమడు రెండు చేతులును అందింపక తప్పదు. ఎత్తైన బండిలో ఈ అవస్థ లేదు: అందు ఎక్కుట లేదు, దిగుట లేదు, ప్రక్కకు జరిగి కూర్చుండుటయే. ఎస్‌యూవీల వైపు జనము మ్రొగ్గుటకు ఆడంబరము కారణమని హేళన చేయు సెడాన్ పక్షపాతులు ఈ ఒక్క విషయమున మౌనము వహింపవలెను. ఇంట ముసలివారున్నపుడు ఈ వాదము సహేతుకము, న్యాయము.

కాని ఎక్కిన తరువాత కథ తిరుగబడును. తిరుమల ఘాట్‌నందు, శ్రీశైలమునకు పోవు నల్లమల దారియందు, విశాఖనుండి అరకు ఎక్కు మలుపులయందు వెనుక సీటువారికి కడుపులో త్రిప్పుటకు ముఖ్యహేతువు బండి ఊగుట. బరువు ఎంత ఎత్తున కేంద్రీకృతమై యుండునో మలుపు మలుపునకును బండి బాడీ అంతగ ప్రక్కకు ఒరగును. ఒరిగినది మరల నిలదొక్కుకొనులోపల తరువాతి మలుపు వచ్చును. సెడాన్ బరువు నేలకు దగ్గరగ నుండును గనుక ఆ ఒరుగు స్వల్పము. నిమ్మకాయ వాసన చూచుచు, కిటికీ అద్దము దింపుకొని, కన్నులు మూసికొని కూర్చుండు ఆడంగులు సిటీలో కొండ దిగునపుడు కబుర్లు చెప్పుకొనగలుగుటకు కారణమిదియే. కూర్చుండుటకు శత్రువైన ఎత్తు తక్కువతనమే ప్రయాణమునకు మిత్రమైనది. ఈ రెండింటిని ఏ ఇంజనీరును విడదీయజాలడు. సీటు పైకెత్తినచో కప్పు పైకెత్తవలెను, కప్పు పైకెత్తినచో అది సెడాన్ కాకపోవును. కావున సెడాన్ తన లోపమును దిద్దుకొనునని ఎదురుచూచుట వ్యర్థము. మీ ఇంట మోకాళ్ల బాధ పెద్దదా, కడుపులో త్రిప్పుట పెద్దదా యని మీరే తేల్చుకొనవలెను.

సెడాన్ మీద రెండవ నింద, నేలకు తగులుట. ఇందు దోషము సెడాన్‌ది ఎంత, మన గ్రామపంచాయతీలది ఎంతయో తెలిసికొనవలసియున్నది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమముల ప్రకారము స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధము గల వృత్తఖండము; గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటుటకు అనువైన గట్టు అది. మన యూళ్లలో స్పీడ్ బ్రేకరనగా, ప్రమాదము జరిగిన మరునాడు కోపముతో పోసిన సిమెంటు దిమ్మ. ఎత్తు అడుగునకు చేరువగును, వెడల్పు అడుగునకు మించదు, రంగు ఉండదు, హెచ్చరిక బోర్డు ఉండదు. ఐదుగురు మనుష్యులును, డిక్కీలో పచ్చడి జాడీలును ఉన్న సెడాన్ స్ప్రింగులు క్రుంగి ఇంకను నేలకు దిగియుండునపుడు ఆ దిమ్మమీదకు పోయినచో అడుగునుండి వినవచ్చు గర్రుమను శబ్దము యజమాని గుండెలోనే పుట్టినట్లుండును. అనుభవజ్ఞులైన డ్రైవర్లు బండిని నేరుగ గాక వాలుగ ఎక్కించి, ఒక్కొక్క చక్రమే గట్టు దాటునట్లు చేయుదురు. మరికొందరు వెనుకనున్నవారిని దిగుమని కోరి, వారు రోడ్డుప్రక్క నడచుచుండగ ఖాళీ బండిని దాటింతురు. లక్షల కారు కొనినవాడు ప్రతి యూరి పొలిమేరయందును పాదచారి యగుట హాస్యాస్పదమే, కాని అది కారు తయారుచేసినవారి హాస్యము కాదు. నియమానుసారముగ కట్టిన గట్టును సిటీ సునాయాసముగ దాటును. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ కంపెనీలు మన రోడ్ల తత్త్వమెరిగి స్లావియా, వర్టస్‌ల ఖాళీబండి గ్రౌండ్ క్లియరెన్స్‌ను 179 మిల్లీమీటర్లకు పెంచినవి. ఈ విషయమున సిటీ వెనుకబడియున్నదని ఒప్పుకొనవలసినదే.

వానకాలమున నగరమునందు నీరు నిలిచిన రోడ్లమీద కూడ ఎత్తు తక్కువ బండికి భయము ఎక్కువ. మోకాలిలోతు నీటిలో ఏ కారును దింపరాదు. సెడాన్‌నైతే పిక్కలోతుననే వెనుకకు త్రిప్పుట మేలు.

డిక్కీ సంగతికి వత్తును. సిటీ డిక్కీ 506 లీటర్లది. విమానప్రయాణపు పెద్ద సూట్‌కేసులు రెండింటిని పెట్టిన తరువాతను చిన్న సంచులకు చోటు మిగులును. సెడాన్ డిక్కీకి గల గొప్ప గుణము పరిమాణమొక్కటియే కాదు, గోడ. కూర్చుండు భాగమునకును, సామాను భాగమునకును నడుమ సీటు వీపు అడ్డముగ నిలిచియుండుట వలన ఆవకాయ వాసన, ఎండుచేపల వాసన, పండిన పనసకాయ వాసన లోనికి అంతగా రావు. గట్టిగ బ్రేకు వేసినపుడు వెనుక పేర్చిన పెట్టె ఎగిరివచ్చి పిల్లవాని తలకు తగులదు. ఎస్‌యూవీ కొనినవారు సామానును కప్పు వరకు పేర్చి వెనుక అద్దమును మూసివైచుట నిత్యము చూచుచునే యున్నాము. ఐనను సెడాన్ డిక్కీ మూతయందు ఒక కొంటెతనము కలదు. మూతను మోయు రెండు ఇనుప కడ్డీలు కొంకివలె వంగి, మూత మూసినపుడు సామానున్న చోటునకే దిగును. పూర్తిగ నింపితిమని సంతసించి మూత వేయగ, ఆ కొంకి క్రింద ఇరుకుకొన్న మామిడిపండ్ల బుట్ట అంచు నలుగును. నోరు వెడల్పు తక్కువ కావున లోపల చోటున్నను పెద్ద అట్టపెట్టె లోనికి పోదు. బియ్యపు బస్తాను ఆ గడపమీదుగ ఎత్తి దింపుటయు నడుమునకు శిక్షయే.

2022లో వచ్చిన సిటీ హైబ్రిడ్ విషయమున ఈ డిక్కీ లెక్కయే నాకు మింగుడుపడలేదు. ప్రయోగశాలలో లీటరుకు 26.5 కిలోమీటర్లు ఇచ్చునని చెప్పబడిన ఆ యంత్రనిర్మాణము ప్రశంసనీయము. ట్రాఫిక్కులో నిలిచి సాగి, సాగి నిలుచు నగరవాసికి విద్యుత్ మోటారే ఎక్కువభాగము బండిని నడుపుట వలన పెట్రోలు ఖర్చు నిజముగనే తగ్గును, వెనుక సీటువారికి నిశ్శబ్దమును దక్కును. కాని బ్యాటరీని వెనుక అమర్చుటచే డిక్కీ 306 లీటర్లకు కుంచించుకొనిపోయినది. కుటుంబపు సెడాన్ కొనుటకు గల ప్రధానహేతువులలో ఒకదానిని తీసివేసి, దానికై అదనముగ లక్షలు అడుగుట విచిత్రము. రోజును ఆఫీసునకు దూరము పోవు దంపతులకు అది తగును, సామానుతో ఊరికి పోవు కుటుంబమునకు తగదు.

ఇంజినును గూర్చి క్లుప్తముగ చెప్పెదను. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిను, 121 పీఎస్ శక్తి; టార్కు 145 ఎన్ఎమ్, అదియును 4300 ఆర్‌పీఎం వద్ద. ఈ చివరి అంకెయే గృహస్థునకు ముఖ్యము. ఐదుగురితో, ఏసీతో ఘాట్ ఎక్కునపుడు ఇంజిను వేగముగ తిరిగిననే గాని బలము నీయదు. మూడవ గేరులో బద్ధకించిన బండిని రెండవ గేరునకు దింపి ఇంజినును అరపింపవలసివచ్చును. స్లావియాలోని ఒక లీటరు టర్బో ఇంజిను 178 ఎన్ఎమ్ టార్కును 1750 ఆర్‌పీఎం నుండియే ఇచ్చును గనుక కొండమీద దానిది పైచేయి. సీవీటీ ఆటోమేటిక్ నగరమున నెమ్మదియైనది. తొందరించినచో శబ్దము ముందు పోవును, బండి తరువాత కదలును. ఎత్తు తక్కువయగుటచే గాలిని చీల్చు ముఖభాగము చిన్నది, కావున హైవేమీద మైలేజీ బాగుండును. 158 కిలోమీటర్ల హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుమీద 120 వేగమునకు అనుమతి యున్నను ఆ వేగమున వెనుకనున్నవారు మామూలు గొంతుతో మాటలాడుకొనగలరు. డీజిల్ మాత్రము లేదు. రోడ్డుమీదనే పొగ పరీక్ష చేయు కొత్త ఉద్గార నియమములు 2023 ఏప్రిల్‌నుండి అమలునకు రాగా సిటీ డీజిల్ నిలిచిపోయినది. నెలకు మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరుగు వ్యాపారస్థులకు ఈ తరగతిలో ఇంటిబండి లేకపోయినది.

భద్రత విషయమున ప్రకటనలలోని నక్షత్రములను మాత్రమే లెక్కించుట చాలదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాల్గవ తరపు సిటీకి 2022లో పెద్దల రక్షణకు నాలుగు నక్షత్రములు వచ్చినవి. స్లావియా, వర్టస్, వెర్నాలు 2023లో ఐదేసి పొందినవి. ఐదవ తరపు సిటీకి ఆసియాన్ ఎన్‌క్యాప్ వారు ఐదు నక్షత్రములు ఇచ్చిరి, కాని అది ఆగ్నేయాసియా దేశములకై చేసిన బండి. ఈ నక్షత్రములన్నియు బెల్టు పెట్టుకొన్నవారికే వర్తించును. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ వద్ద వెనుక సీటునందు ప్రయాణించుచు పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ మరణించినపుడు, ఆయన బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు చెప్పగా, కొన్ని వారములు దేశమంతయు వెనుక బెల్టును గూర్చి మాటలాడినది. ఆ పిమ్మట మన తాతలును అమ్మమ్మలును యథాపూర్వము ఆ బెల్టు కొక్కెములను సీటు సందులలోనికి దోపివైచిరి. 2023లో ముఖము మార్చి తెచ్చిన సిటీలో కెమెరా సాయమున తానే బ్రేకు వేయు ఏర్పాటు కలదు. ముందు పోవు లారీని అది చక్కగ గుర్తించును. గీతలే లేని మన రోడ్లమీద లేన్ తప్పినారని హెచ్చరించు దాని విద్యకు మాత్రము నిరుద్యోగమే మిగిలినది.

వెలను గూర్చి ఒక మాట. 2006 నాటి కేంద్ర బడ్జెట్టు నాలుగు మీటర్ల లోపలి చిన్న కార్లకు ఎక్సైజు సుంకము తగ్గించినది మొదలు నడిమితరగతి సెడాన్ సవతిబిడ్డయే అయినది. ఆ రాయితీ కొరకై కంపెనీలు 2008లో ఇండిగోకును, 2012లో డిజైర్‌కును తోక కత్తిరించినవి. ఆ కత్తిరింపులో పోయినది డిక్కీయే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింపు వచ్చినపుడు సెడాన్ కొనువారును సంతోషించిరి, వారిమీది పన్ను 45 శాతమునుండి 40కి దిగెను గనుక. కాని చిన్న పెట్రోలు కార్లమీది పన్ను 29నుండి 18కి దిగినది. అనగా రెండింటి నడిమి అంతరము 16నుండి 22 శాతమునకు పెరిగినది. నాలుగున్నర మీటర్ల పొడవుండుట విలాసమని ఏ ఆర్థికశాస్త్రము చెప్పినదో తెలియదు. ఐదుగురు కలిసి ఒకే బండిలో పోవుట ఇద్దరు, ముగ్గురుగా రెండు బండ్లలో పోవుటకంటె దేశమునకు మేలుగదా. మరియొక వైపు ఆంధ్రదేశముననే, పెనుకొండలోని కార్ల కర్మాగారమునుండి 2019లో మొదట వెలువడినది సెల్టోస్ యను ఎత్తుబండి. ఊరు ఊరున అదియే కనులబడుచున్నది. బేరము ఎక్కడ జరుగునో కంపెనీల దృష్టియు అక్కడనే నిలుచును.

ఈ తరగతిలో కారు కొనదలచినవారు టెస్ట్ డ్రైవునకు ఒంటరిగ పోరాదు. షోరూమువారు త్రిప్పి చూపు నున్నని రోడ్డును వదలి, ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని, మీ సందు మొదటనున్న దిమ్మమీదుగ ఒకమారు, ఫ్లైఓవరు ఎత్తుమీదుగ ఒకమారు నడిపి చూడుడు. సేల్స్‌మన్ చేతిగడియారము చూచుకొనినను తొందరపడకుడు. వెనుకనుండి అమ్మగారు ఎవరి చేయియు పట్టుకొనక దిగగలిగినచో సిటీయే తీసికొనుడు. హైబ్రిడ్ వలదు, పై వేరియంటులోని సన్‌రూఫ్ వలదు, నడిమి వేరియంటు చాలును, ఘాట్ దారులు ఎక్కువగ పోవువారైనచో స్లావియానుగూడ ఒకమారు నడిపి చూచిన పిదపనే అడ్వాన్సు కట్టుడు. ఆమె దిగలేక ముందు సీటు వీపు పట్టుకొని ఆగిపోయినచో, ఎంత అయిష్టమైనను, క్రెటావంటి ఎత్తుబండినే బుక్ చేయుడు. కడుపులో త్రిప్పువారికి దాని ముందు సీటు కేటాయింపుడు.